పంపు గదిలోని ఖాళీ జాగా ఎవరిది?



మన ఆసుపత్రిలో డయాలసిస్ విభాగం రాబోతున్న సంగతి మీ అందరికీ తెలిసిందే. కిడ్నీలు దెబ్బతిన్న మనవాళ్లు ఇప్పుడు వారానికి రెండు మూడుసార్లు తెల్లవారుజామున లేచి, బస్సు పట్టుకుని జిల్లా కేంద్రానికి వెళ్తున్నారు. నాలుగు గంటలు సూదులు గుచ్చుకుని పడుకుని, నీరసంగా మళ్లీ అదే బస్సులో తిరిగొస్తున్నారు. ఆ తిప్పలు తప్పించాలని ఎన్నో కుటుంబాలు చందాలిచ్చాయి. యంత్రాలకు డబ్బు సమకూరింది. గదికి రంగులు కూడా వేశారు. ఇక మిగిలింది ఒక్క ప్రశ్న. నీళ్లను శుద్ధి చేసే ఆర్.ఓ. ప్లాంటును ఎక్కడ పెట్టాలి?

ఒక రోగికి నాలుగు గంటల పాటు డయాలసిస్ చేయడానికి సుమారు 120 లీటర్ల శుద్ధమైన నీరు కావాలి. కాబట్టి ప్లాంటు నీళ్ల సంపుకు దగ్గరగా ఉండాలి. కరెంటు ఉండాలి, నీళ్లు పోయే కాలువ ఉండాలి. భవనాల కమిటీ పెద్దలు ఆవరణంతా తిరిగి చూసి ఒక చోటు ఎంచారు. సంపు పక్కన ఎర్ర తలుపు ఉన్న గది. అదే అగ్నిప్రమాదాల కోసం పెట్టిన ఫైర్ పంపుల గది. “అందులో సగం గది ఏళ్ల తరబడి ఖాళీగానే పడి ఉంది కదా, దాన్ని వాడుకుంటే ఖర్చూ కలిసొస్తుంది, ఈ నెలలోనే పని మొదలుపెట్టవచ్చు” అన్నది వారి ఆలోచన.

కమిటీ పెద్దల మీద మాకు గౌరవం ఉంది. డయాలసిస్ విభాగం త్వరగా రావాలని కోరుకునేవారిలో మేమూ ఉన్నాం. అయినా ఈ ఒక్క విషయంలో వారితో ఏకీభవించలేకపోతున్నాం. ఆ గదిలో ఖాళీగా కనిపిస్తున్న జాగా నిజానికి ఖాళీ కాదు. అది పంపుల్లో ఒక భాగం. ఎందుకో వివరించడానికే ఈ నాలుగు మాటలు.

ఎర్ర తలుపు వెనుక ఏముంది?

మనలో చాలామంది ఆ గదిలోకి ఎన్నడూ తొంగి చూసి ఉండరు. నిజం చెప్పాలంటే పోయిన నెల వరకు మేమూ చూడలేదు. లోపల మూడు పంపులు ఉన్నాయి.

మొదటిది చిన్నది. దాన్ని జాకీ పంపు అంటారు. మెట్ల దగ్గర, వరండాల చివర ఎర్ర రంగు పైపులు, వాల్వులు, గాజు తలుపు పెట్టెల్లో చుట్టలు చుట్టిన హోస్ పైపులు మీరు చూసే ఉంటారు. ఆ పైపుల్లో ఎప్పుడూ నీళ్లు ఒత్తిడితో నిండి ఉండాలి. ఎక్కడైనా చుక్క చుక్క కారి ఒత్తిడి కాస్త తగ్గితే జాకీ పంపు కాసేపు తిరిగి, ఆ లోటు పూడ్చి ఆగిపోతుంది.

రెండవది కరెంటుతో నడిచే పెద్ద పంపు. ఎవరైనా నిజంగా వాల్వు తిప్పి నీళ్లు వాడటం మొదలుపెడితే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది. అది చిన్న పంపు వల్ల అయ్యే పని కాదు. అప్పుడు పెద్ద పంపు తనంతట తానే మొదలవుతుంది. మన పెద్ద పంపు నిమిషానికి 2280 లీటర్ల నీరు తోడగలదు. 15 లీటర్ల బకెట్లతో లెక్కవేస్తే నిమిషానికి 150 బకెట్ల పైమాటే. ఎంతమంది వరుసగా నిలబడి చేతులు మార్చుకుంటూ పోసినా అన్ని నీళ్లు అందించలేరు.

మూడవది డీజిల్ ఇంజనుతో నడిచే పంపు. మంటలు లేచినప్పుడు కరెంటు పోవడం, లేదా కావాలనే తీసేయడం మామూలే. అప్పుడు ఆదుకోవలసింది ఇదే. లారీ ఇంజనులాంటి ఇంజను, దాన్ని తిప్పడానికి బ్యాటరీలు, పక్కనే డీజిల్ ట్యాంకు, గోడకు కంట్రోల్ ప్యానెల్, బయటికి పోయే పొగ గొట్టం ఉంటాయి.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. పెద్ద పంపు తనంతట తానే మొదలవుతుంది గానీ తనంతట తాను ఆగదు. మనిషి లోపలికి వెళ్లి చేత్తో ఆపాలి. కావాలనే అలా పెట్టారు. మంట ఇంకా ఉండగానే పంపు ఆగిపోతే ప్రమాదం కాబట్టి. ఒకవేళ దానంతట అది మొదలు కాకపోతే, అప్పుడూ మనిషే వెళ్లి ప్యానెల్ ముందు నిలబడి నడిపించాలి. ‘ఆటోమేటిక్’ అనే మాట విని ఆ గదిలో మనిషితో పనిలేదని అనుకోకూడదు.

పదకొండు నిమిషాలు

పోయిన నెలలో ఒక శనివారం పంపుల పరీక్ష చూద్దామని వెళ్లాం. పత్రికలో ఆసుపత్రి భద్రత గురించి ఒక చిన్న వ్యాసం రాయాలన్నది అప్పటి మా ఉద్దేశం. పంపులు చూసుకునే అన్న తాళం తీసి, “సార్, జాగ్రత్తగా రండి, అటు పక్క అడుగు పెట్టకండి” అన్నారు. ఎందుకన్నారో లోపలికి వెళ్లాక అర్థమైంది.

ప్యానెల్ ముందు పాత ఇనుప మంచాలు ఆరు, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఆడవాళ్ల వార్డుకు కొత్త మంచాలు వచ్చినప్పుడు పాతవి ఎక్కడ పెట్టాలో తెలియక అక్కడ చేర్చారట. వాటి పక్కన చక్రం ఊడిన వీల్ చైరు, ఖాళీ సెలైన్ డబ్బాలు, పండుగ అలంకరణ సామాను. డీజిల్ ఇంజను బ్యాటరీల పక్కన తాళ్లతో కట్టిన కాగితాల కట్టలు. దగ్గరికి వెళ్లి చూస్తే అవి మన పత్రిక పాత సంచికలే. అక్కడ ఎవరు పెట్టారని అడిగే ధైర్యం మాకు లేకపోయింది. పెట్టించింది మా కార్యాలయమే.

పరీక్ష మొదలైంది. క్యాజువాలిటీ దగ్గరి హైడ్రెంటు వాల్వు తిప్పారు. చిన్న పంపు తిరిగింది, ఆ వెంటనే పెద్ద పంపు అందుకుంది. బాగానే ఉందనుకున్నాం. తరువాత, కరెంటు పోయినప్పుడు ఏమవుతుందో చూడటానికి పెద్ద పంపు మెయిన్ స్విచ్చి తీశారు. డీజిల్ ఇంజను ఒకటి రెండుసార్లు మూలిగింది. మళ్లీ మూలిగింది. తరువాత అలారం మోగింది, ఇంజను మాత్రం కదలలేదు.

చేత్తో స్టార్టు చేయాలంటే ప్యానెల్ దగ్గరికి చేరాలి. ముందు మంచాలున్నాయి. మేము, ఆ అన్న, పక్కనున్న వాచ్‌మన్ కలిసి వాటిని ఒక్కొక్కటే బయటికి మోశాం. ప్యానెల్ దగ్గరికి చేరి స్టార్టు చేసినా ఫలితం లేదు. కాగితాల కట్టలు తీసి బ్యాటరీలు చూస్తే టెర్మినళ్ల మీద తెల్లటి పొడి పేరుకుని ఉంది. వేడి నీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, క్లాంపులు బిగించాక ఇంజను అందుకుంది. గడియారం చూసుకుంటే 11 నిమిషాలు.

అది పరీక్ష కాబట్టి అందరం ఊపిరి పీల్చుకుని టీ తాగాం. కానీ తిరిగొచ్చాక ఆ పదకొండు నిమిషాల గురించి ఆలోచించకుండా ఉండలేకపోయాం. మంచాలు మోయడానికి పట్టింది అందులో సగమే. మిగతా సగం బ్యాటరీ వల్ల. మరి బ్యాటరీ ఎందుకు పాడైంది? ఆ అన్నను అడిగితే ఉన్న మాట చెప్పారు. “దాని దగ్గరికి చెయ్యి పోదు సార్. అందుకే చాలా రోజులుగా చూడలేదు.”

మేము చెప్పదలచుకున్నదంతా ఆ మాటలోనే ఉంది. పంపు చుట్టూ జాగా మంటలు లేచిన రోజుకు మాత్రమే కాదు, ప్రతి శనివారానికి కూడా. మనిషి చెయ్యి చేరని యంత్రాన్ని ఎవరూ తుడవరు, నూనె వేయరు, బిగించరు. అవసరమైన రోజున అది మొరాయిస్తే తప్పు యంత్రానిది కాదు.

ఎంత జాగా, ఎందుకు?

ఈ విషయంలో మన దేశపు నిబంధనలు స్పష్టంగానే ఉన్నాయి. విద్యుత్ భద్రతా నిబంధనల ప్రకారం స్విచ్‌బోర్డు ముందు కనీసం 1 మీటరు వెడల్పున ఖాళీ ఉండాలి. 1956 నాటి విద్యుత్ నియమాల్లోనే ఈ మాట ఉంది. అమెరికా నిబంధనలు కూడా ఇలాంటి బోర్డుల ముందు కనీసం 3 అడుగులు అడుగుతాయి. దేశం ఏదైనా మనిషి ఒళ్లు, చేతులు, అడుగులు ఒకటే కదా. ప్యానెల్ తలుపు పూర్తిగా తెరుచుకోవాలి. మనిషి ఎదురుగా నిలబడి చూడగలగాలి. లోపల 415 వోల్టుల కరెంటు ఉంటుంది. ఏదైనా మెరుపు వస్తే వెనక్కి ఒక అడుగు వేయడానికి చోటుండాలి. వెనుక మంచం కోడు ఉంటే ఆ మనిషి ఏమవుతాడో ఊహించుకోండి.

బోర్డు వెనుక భాగం గురించి ఇంకా ఆసక్తికరమైన నియమం ఉంది. వెనుక కనెక్షన్లు ఉంటే, గోడకూ బోర్డుకూ మధ్య సందు 20 సెంటీమీటర్ల కంటే తక్కువైనా ఉండాలి, లేదా 75 సెంటీమీటర్ల కంటే ఎక్కువైనా ఉండాలి. మధ్యస్థంగా ఉండకూడదు. మొదట వింతగా అనిపించినా ఇందులో ఎంతో అనుభవం దాగి ఉంది. 20 సెంటీమీటర్ల సందులో ఎవరూ దూరలేరు, కాబట్టి దూరే ప్రయత్నం చేయరు. 75 దాటితే మనిషి వెళ్లి పని చేసి రాగలడు. ఈ రెంటికీ మధ్య ఉంటే ఎవరో ఒకరు పక్కకు తిరిగి దూరతారు, ఇరుక్కుంటారు, తీగలు తగులుతాయి. చాలీచాలని జాగా అసలు జాగా లేకపోవడం కంటే ప్రమాదకరం అని ఆ నియమం చెబుతోంది.

ప్యానెల్ ఒక్కటే కాదు. పంపు ఇరుసు దగ్గర నీరు కారకుండా గ్లాండ్ ఉంటుంది. దాన్ని అప్పుడప్పుడూ పానాతో బిగించాలి. పానా తిప్పాలంటే చెయ్యి ఆడే చోటుండాలి. పంపు విప్పవలసి వస్తే పై మూత ఎత్తాలి, మోటారు పక్కకు జరపాలి. గేట్ వాల్వుల్లో కొన్నింటికి చక్రం తిప్పేకొద్దీ లోపలి కడ్డీ పైకి లేస్తుంది. దాని మీద అటక కడితే వాల్వు సగమే తెరుచుకుంటుంది. డీజిల్ ఇంజనుకు గాలి ఆడాలి. దాని పొగ గొట్టం మండే వేడిగా ఉంటుంది, దగ్గర్లో అట్టపెట్టె కూడా ఉండకూడదు. బ్యాటరీలు చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది. అది అంటుకునే వాయువు. ఆ బ్యాటరీల పక్కనే మేము కాగితాల కట్టలు పెట్టాం! ఇక తలుపు నుంచి ప్యానెల్ దాకా దారి. కరెంటు లేని రాత్రి, నేల తడిగా ఉన్నప్పుడు, టార్చిలైటుతో ఒక మనిషి పరుగున వెళ్లవలసిన దారి అది.

“ప్లాంటు చిన్నదే కదా?”

ఈ వ్యాసం రాస్తున్నామని తెలిసి కొందరు పెద్దలు మాతో మాట్లాడారు. వారి మాటలు తీసిపారేయదగ్గవి కావు. ఒక్కొక్కటిగా మా జవాబు చెబుతాం.

“మంచాలు తీసేశారు కదా, ప్లాంటు గోడవారగా ఒక మూల పడి ఉంటుంది, దారికి అడ్డం రాదు” అన్నారు ఒకరు. కాగితం మీద ప్లాంటు చిన్నదే. కానీ దానికీ పని చేసే జాగా కావాలి. నీటిని వడకట్టే మెంబ్రేన్లు పొడవాటి గొట్టాల్లో ఉంటాయి. సాధారణంగా వాడే రకం 40 అంగుళాలు, అంటే దాదాపు ఒక మీటరు పొడవు. వాటిని మార్చాలంటే గొట్టం చివరి నుంచి నిలువునా బయటికి లాగాలి. కాబట్టి ప్లాంటు చివర మరో మీటరు పైగా ఖాళీ ఉండాలి. మన గదిలో కొలిచి చూశాం. ఆ మీటరు, డీజిల్ ప్యానెల్ ముందు ఉండవలసిన మీటరు ఒక్కటే అవుతున్నాయి. ఒకే కుర్చీని ఇద్దరికి ఇచ్చినట్టన్నమాట. ఇద్దరూ ఒకేసారి రానంతవరకే అది సాగుతుంది.

“నియమాలు మరీ అంత పట్టించుకుంటే పని సాగదు” అన్నారు ఇంకొకరు. 2016 నాటి జాతీయ భవన నియమావళిలో నాలుగవ భాగం అగ్ని భద్రత గురించినది. ఫైర్ పంపుల గదిలో మరే ఇతర యంత్ర సామగ్రినీ అమర్చకూడదని అందులో ఉంది. పంపులు, వాల్వులు, డీజిల్ ట్యాంకు, ప్యానెల్ అన్నీ పట్టేంత పెద్దదిగా గది ఉండాలనీ, బయటి నుంచి నేరుగా చేరగలిగేలా ఉండాలనీ, గాలి బాగా ఆడాలనీ, నీరు నిలవకూడదనీ ఉంది. ఇవేవీ ఆఫీసుల్లో కూర్చుని సరదాకు రాసినవి కావు. రెండో యంత్రం వస్తే దానితో రెండో మనిషి వస్తాడు, రెండో తాళం చెవి వస్తుంది, దాని డబ్బాలు, దాని తడి, దాని చెత్త వస్తాయి. ఆర్.ఓ. ప్లాంటు శుద్ధి చేసిన నీటితో పాటు పనికిరాని నీటినీ వదులుతుంది. ఆ గది నేల ఇక పొడిగా ఉండదు. గొట్టాలు కడగడానికి వాడే బ్లీచింగు లాంటి రసాయనాల ఆవిరి ప్యానెల్ లోపలి రాగిని తినేస్తుంది.

మరో వైపు నుంచి కూడా ఆలోచించండి. డయాలసిస్ నీరు రోగి రక్తానికి పల్చటి పొర అవతల ప్రవహించే నీరు. తాగే నీటికంటే ఎంతో శుభ్రంగా ఉండాలి. దాన్ని డీజిలు, గ్రీజు, పొగ వాసన ఉన్న గదిలో తయారు చేయడం డయాలసిస్‌కు కూడా మర్యాద కాదు. రెండు మంచి పనులను ఒకే గదిలో కుక్కితే రెండూ చెడతాయి.

“ఇన్నేళ్లలో ఒక్కసారైనా మంటలు రాలేదు కదా” అన్న మాట కూడా విన్నాం. అందుకు మనమంతా సంతోషించాలి. కానీ సుస్తీ చేయలేదని టీకా వృథా అయిందని మన డాక్టర్లు ఎవరైనా అంటారా? బిడ్డ పుట్టగానే ఏడ్చిందని పక్కన సిద్ధంగా ఉంచిన ఆక్సిజన్‌ను వృథా అంటామా? ఆపరేషన్ థియేటర్‌లో బల్ల చుట్టూ నాలుగు వైపులా ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో ఎవరూ అల్మారా పెట్టరు. డాక్టరుగారు, సిస్టర్లు నిలబడే చోటది. పంపు చుట్టూ ఖాళీ కూడా అలాంటిదే.

జాగా చేతులు మారితే

2011 డిసెంబరు 9 తెల్లవారుజామున కోల్‌కతాలోని ధాకూరియాలో ఎ.ఎం.ఆర్.ఐ. ఆసుపత్రిలో మంటలు లేచాయి. మంటలు పుట్టింది వార్డుల్లో కాదు, నేలమాళిగలో. కార్లు పెట్టుకోవడానికి ఉద్దేశించిన ఆ చోటును సామాన్లు నిల్వ చేయడానికి వాడారు. అక్కడ పుట్టిన పొగ పై అంతస్తులకు పాకింది. సుమారు 90 మంది చనిపోయారు, వారిలో చాలామంది మంచం మీద నుంచి లేవలేని రోగులు. నిప్పు వారిని తాకలేదు, పొగకే ఊపిరాడక పోయారు. కేరళ నుంచి వచ్చి అక్కడ పనిచేస్తున్న ఇద్దరు యువ నర్సులు తమ వార్డులోని రోగులను బయటికి చేర్చి, చివరికి తామే ప్రాణాలు కోల్పోయారు. ఆ ఇద్దరి సంగతి అప్పట్లో పత్రికల్లో చదివి మన నర్సింగ్ విద్యార్థినులు కంటతడి పెట్టడం మాకు గుర్తుంది.

మన రాష్ట్రంలో, 2020 ఆగస్టు 9న విజయవాడలో కొవిడ్ రోగులను ఉంచిన ఒక హోటల్‌లో అగ్నిప్రమాదం జరిగి 10 మంది చనిపోయారు. 2024 నవంబరు 15 రాత్రి ఝాన్సీలోని ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో నవజాత శిశువుల విభాగంలో మంటలు లేచి ఆ ఒక్క రాత్రే 10 మంది పసికందులు బలయ్యారు.

ఈ ప్రమాదాలన్నింటికీ పంపు గదులే కారణమని మేము అనడం లేదు. ఒక్కో ప్రమాదానికి ఒక్కో కారణం ఉంది. కానీ రెండు విషయాలు నేర్చుకోవాలి. ఆసుపత్రి సినిమా హాలు వంటిది కాదు, గంట మోగగానే అందరూ లేచి బయటికి నడిచి వెళ్లలేరు. కాలికి బరువులు కట్టి పడుకోబెట్టినవారు, ఆ ఉదయమే కాన్పు ఆపరేషన్ అయిన తల్లి, వెంటిలేటరు మీదున్న తాతగారు, రేపు డయాలసిస్ మీద ఉండబోయే మనవాళ్లు ఎలా లేస్తారు? వారిని ఒక్కొక్కరినీ మోసుకెళ్లేదాకా మంటను ఆపి ఉంచగలిగింది ఆ ఎర్ర పైపుల్లోని నీరే. మన సంపులో ఫైర్ పంపుల కోసం ఉంచిన నీరు 1 లక్ష లీటర్లు. పెద్ద పంపు పూర్తి వేగంతో తోడితే అది ముప్పావు గంటకు కాస్త తక్కువే వస్తుంది. టౌను నుంచి ఫైరింజన్ వచ్చేదాకా మన చేతిలో ఉన్నది అంతే. అందులో 11 నిమిషాలు మంచాలకూ బ్యాటరీకీ ఇచ్చేయగలమా?

ఇక రెండవ విషయం. కోల్‌కతాలో ఆ నేలమాళిగ ఒక్కరోజులో గోదాముగా మారి ఉండదని మా ఊహ. ఇలాంటి చోట్ల ముందు ఎవరో ఒక పెట్టె పెడతారు, ఎవరూ ఏమీ అనరు. ఆ పక్కన ఇంకొకటి చేరుతుంది. మన పంపు గదిలోకి మంచాలు వచ్చింది కూడా అలాగే. ఎవరిలోనూ చెడ్డ ఉద్దేశం లేదు. ప్రతి ఒక్కరూ ‘కొద్ది రోజులే’ అనుకున్నారు. మా పత్రిక కట్టలు కూడా కొద్ది రోజులకే అక్కడ పెట్టించాం.

మేము కోరేది

కమిటీ పెద్దలకు మా మనవి ఇది. ఆర్.ఓ. ప్లాంటును పంపు గదిలో పెట్టవద్దు. సంపుకు అవతలి వైపు, చాకలి గది వెనుక కొంత స్థలం ఉంది. అక్కడ ఒక చిన్న గది కట్టవచ్చు. దానికి అదనంగా ఖర్చవుతుందని, మూడు నెలల ఆలస్యమవుతుందని మాకు తెలుసు. ఆ మూడు నెలలూ ఎవరు భరించాలో కూడా తెలుసు. బస్సుల్లో తిరుగుతున్న మన రోగులే. వారి ముందు ఈ మాట అనడం మాకు తేలిక కాదు. వారిలో ఒకరు, మేము ఎంతో గౌరవించే పెద్దావిడ, ఇదంతా విని, “ఇన్నాళ్లు తిరిగాను కదయ్యా, ఇంకో మూడు నెలలు తిరుగుతాను. పడుకున్నదాన్ని పడుకున్నట్టే కాలిపోయే చోట మాత్రం నన్ను పడుకోబెట్టకండి” అన్నారు. ఆ మూడు నెలలు ఆసుపత్రి వ్యానును వారానికి మూడు రోజులు జిల్లా కేంద్రానికి పంపగలిగితే వారి భారం కొంత తగ్గుతుంది. ఈ రెండు ప్రతిపాదనలను కలిపి పరిశీలించమని కోరుతున్నాం.

పంపు గది విషయంలో మరో నాలుగు చిన్న పనులు చేయాలి. వీటికి పెద్దగా ఖర్చు లేదు.

ప్యానెళ్ల ముందు, పంపుల చుట్టూ, తలుపు దాకా ఉన్న దారిలో నేలమీద పసుపు రంగు గీతలు గీయాలి. గీత లోపల ఒక బకెట్టు కూడా ఉండకూడదు. గీత లేనిచోట ప్రతి ఖాళీ గోదాములాగే కనిపిస్తుంది.

తాళం చెవి ఒకటి పంపులు చూసే అన్న దగ్గర, మరొకటి రాత్రింబవళ్లు మనిషి ఉండే క్యాజువాలిటీలో ఉండాలి.

డీజిల్ పంపును వారానికి ఒకసారి 30 నిమిషాలు నడిపి చూడాలని అమెరికా వారి ఫైర్ పంపుల ప్రమాణం చెబుతోంది. మనమూ ఆ అలవాటు చేసుకోవాలి. నడిపిన తేదీ, ఎంతసేపటికి స్టార్టయిందీ ఓ.పి. దగ్గరి నోటీసు బోర్డు మీద రాయాలి. రోగులు కూడా చదవగలిగేలా తెలుగులో రాయాలి.

పాత సామాను కోసం ఒక స్టోరు గది చూపించాలి. అది లేకపోతే సామాను మళ్లీ ఎర్ర తలుపు వెనక్కే చేరుతుంది. వార్డుల్లో సిస్టర్లను తిట్టి లాభం లేదు. పెట్టడానికి చోటు చూపకుండా పెట్టవద్దంటే వారు మాత్రం ఏం చేస్తారు?

మీరు చేయగలిగినవి

ఇది ఆసుపత్రి వారి పని, మాకేం సంబంధం అనుకోకండి. రోగికి తోడుగా వచ్చినవారు ఎర్ర పైపుల మీద, హోస్ పెట్టెల మీద బట్టలు ఆరేయవద్దు. హైడ్రెంటు నీళ్లతో బండ్లు కడగవద్దు. పంపు గది తలుపు ముందు మోటారు సైకిలు నిలపవద్దు, “ఒక్క నిమిషమే” అని కూడా. వాచ్‌మన్‌ను బతిమాలి ఆ గదిలో సంచులు దాచవద్దు.

మంచాలు, బీరువాలు, కుర్చీలు ఆసుపత్రికి ఇవ్వాలనుకునే కుటుంబాలకు మరో మాట. మీ మనసు పెద్దది. అయితే ఇచ్చే ముందు, “పాతది ఎక్కడ పెడతారు?” అని ఒక్క మాట అడగండి. ఆ ప్రశ్న మేమూ ఎన్నడూ అడగలేదు. మూడేళ్ల కిందట కొత్త మంచాలు వచ్చినప్పుడు ఇదే పత్రికలో ఎంతో ఆనందంగా రాశాం. పాతవి ఎక్కడికి పోయాయో రాయలేదు, ఎందుకంటే చూడలేదు.

పరీక్ష జరిగిన మరుసటి సోమవారమే మంచాలను పాత ఇనుము కొనేవారికి అమ్మేశారు. మా పత్రిక కట్టలను మా గదికి తెచ్చుకున్నాం. గది ఇరుకైంది, కుర్చీ వెనక్కి జరపడానికి లేదు, అయినా ఫరవాలేదు. ఆ తరువాతి శనివారం మళ్లీ పరీక్షకు వెళ్లాం. మెయిన్ స్విచ్చి తీయగానే డీజిల్ ఇంజను మొదటి ప్రయత్నంలోనే అందుకుంది. ఆ అన్న ప్యానెల్ ముందు రెండు కాళ్లు స్థిరంగా ఆనించి నిలబడి, మీటర్లు చూసి, పుస్తకంలో రాసుకున్నారు. ఆయన అలా నిలబడిన చోటే ఆర్.ఓ. ప్లాంటు పెట్టాలని అనుకుంటున్నది.

కమిటీ సమావేశం వచ్చే నెల మొదటి వారంలో ఉంది. మీ అభిప్రాయాలు, మాతో ఏకీభవించినా ఏకీభవించకపోయినా, ఓ.పి. కౌంటరు పక్కనున్న ఉత్తరాల పెట్టెలో వేయండి. ఉత్తరాలన్నీ సమావేశంలో చదివి వినిపించమని కోరతాం. డయాలసిస్ కోసం ఎదురుచూస్తున్న కుటుంబాల ఉత్తరాలను ముందుగా చదవమని చెబుతాం.

— సంపాదక వర్గం